యువజన కథలందు ప్రణయమునకు పాలెంత?

పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమున నున్న బాలబాలికలు చదువుటకై వ్రాయబడు కథలలో ప్రణయమునకు చోటీయవచ్చునా, ఈయవచ్చుననినచో ఎంత ఈయవలెను అను విషయమును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఈ ప్రశ్నకు మనలో రెండు విధములైన సమాధానములు వినవచ్చుచున్నవి. పిల్లల పుస్తకములో వలపుమాట ఏ పుటయందును కనబడరాదని కొందరు పెద్దలు చెప్పుదురు. వలపు లేని పుస్తకమును యువజనులు చేతబట్టరు గనుక తక్కిన కథ యెట్లున్నను అది మాత్రము పుష్కలముగా నుండవలెనని పుస్తకములమ్మువారు చెప్పుదురు. ఉప్పును ఒకరు విషమనుచున్నారు, ఒకరు అన్నమనుచున్నారు. వంట తెలిసినవారు ఈ ఇరువురి మాటయు వినరు.

ఈ వివాదము నేటిది కాదు. 1868వ సంవత్సరమున అమెరికాదేశమందలి మాసచూసెట్స్ రాష్ట్రములో, కాంకర్డ్ అను చిన్న యూర నివసించుచుండిన ఒక రచయిత్రికి ఇదే చిక్కు వచ్చెను. ఆమె పేరు లూయీసా మే ఆల్కాట్. ఆమె వ్రాసిన 'లిటిల్ వుమెన్' అను కథ నేటికిని దేశదేశముల బాలికలు చదువుచున్న గ్రంథము. అందులో ఎవరికెవరితో పెండ్లి యగునను విషయమున రచయిత్రికిని పాఠకురాండ్రకును జరిగిన పెనగులాట సాహిత్యచరిత్రలో మిక్కిలి ఆసక్తికరమైన ఘట్టము. దానిని చెప్పుటయే నా యుద్దేశము. అయితే తూచుటకు ముందు త్రాసు కావలెను గదా! ఆ త్రాసు మన యాలంకారికుల యొద్ద సిద్ధముగా నున్నది.

మన శాస్త్రమున కథావస్తువు రెండు తెరగులు. నాయకుని ఫలప్రాప్తిని చెప్పునది ఆధికారికము. దానికి తోడ్పడుచు నడుమ వచ్చునది ప్రాసంగికము. ప్రాసంగికములో చాలదూరము సాగునది పతాక. కొంచెము సేపు కనబడి మరుగునది ప్రకరి. రామకథలో సుగ్రీవుని వృత్తాంతము పతాక, శబరి వృత్తాంతము ప్రకరి. సుగ్రీవునకు తన రాజ్యమును తన భార్యయు దక్కినమాట నిజమే. ఐనను ఆతని కథ సీతాన్వేషణమునకు దారియై ప్రధానకథను ముందునకు నడపినది. రసవిషయమునను ఇట్లే. తొమ్మిదవ శతాబ్దివాడగు ఆనందవర్ధనుడు, ప్రబంధమున రసము లెన్ని యున్నను ఒకటి అంగిగా నిలువవలెననియు, తక్కినవి దానికి అంగములు కావలెననియు సిద్ధాంతము చేసెను.

పదునొకండవ శతాబ్దివాడగు మమ్మటుడు కావ్యప్రకాశము సప్తమోల్లాసమున రసదోషములను చెప్పుచు మన ప్రస్తుతమునకు పనికివచ్చు మూడింటిని పేర్కొనెను. మొదటిది అకాండప్రథనము, అనగా సమయము కానిచోట రసమును విస్తరించుట. దీనికాతడు చూపిన ఉదాహరణము భట్టనారాయణుని వేణీసంహారమున రెండవ యంకము. కురుక్షేత్రమున వీరులు కుప్పలుగా కూలుచుండగా దుర్యోధనుడు భానుమతితో శృంగారమున ప్రొద్దుపుచ్చుట ఆ సందర్భమునకు చెల్లదని ఆతని తీర్పు. రెండవది అకాండచ్ఛేదము, అనగా రసము పండుచుండగా అకస్మాత్తుగా త్రెంచివేయుట. భవభూతి మహావీరచరితము రెండవ యంకమున రామ పరశురాముల సంవాదములో వీరము పరాకాష్ఠ నందుచుండగా, రాముడు కంకణము విప్పించుకొనుటకు పోయెదననుట దీనికి లక్ష్యము. మూడవది అంగమును అతిగా విస్తరించుట. ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. శృంగారము కూడదని మమ్మటుడు ఎచ్చటను అనలేదు. కాలమును పరిమాణమును తప్పినవని మాత్రమే ఆతడనుచున్నాడు. ఈ త్రాసు పట్టుకొని కాంకర్డ్ నగరమునకు పోవుదము.

ఆల్కాట్ 1832వ సంవత్సరము నవంబరు 29వ తేదీన జన్మించెను. ఆమె తండ్రి బ్రాన్సన్ ఆల్కాట్ ఉపాధ్యాయుడు, తత్త్వవేత్త. విద్యావిషయమున క్రొత్త క్రొత్త ప్రయోగములు చేసినవాడు. కాని సంపాదన యెరుగనివాడు. నలుగురు ఆడపిల్లల సంసారము. లూయీసా రెండవది. కుట్టుపని చేసెను, పిల్లలకు చదువు చెప్పెను, ఇండ్లలో దాస్యమునకును పోయెను. 1858లో చెల్లెలు ఎలిజబెత్ మరణించెను. అంతర్యుద్ధకాలమున 1862వ సంవత్సరాంతమున గాయపడిన సైనికులకు శుశ్రూష చేయుటకు పోయి, తానే జ్వరపీడితయై మరలివచ్చెను. ఆ యనుభవమును 'హాస్పిటల్ స్కెచెస్' అను పేర 1863లో ప్రకటించి పేరు గాంచెను.

ఆమె జీవితములో మరియొక సంగతి ఆ కాలమున పాఠకులకు తెలియదు. కుటుంబపోషణమునకై ఆమె ఎ. ఎమ్. బార్నార్డ్ అను మారుపేరుతో ప్రణయము, పగ, మోసము, మారువేషములతో నిండిన ఉద్రేకకథలను పత్రికలకు వ్రాసెను. 1866లో వెలువడిన 'బిహైండ్ ఎ మాస్క్' అట్టిది. ఈ రహస్యమును లియోనా రాస్టెన్‌బర్గ్ అను పరిశోధకురాలు 1943లో ప్రకటించిన వ్యాసమున బయటపెట్టెను. నేనీ విషయమును చెప్పుటకు కారణము కలదు. ప్రణయకథ వ్రాయుట చేతకాక ఆల్కాట్ దానిని అదుపున నుంచినదని ఎవరును అనరాదు. ఆ విద్య ఆమెకు కరతలామలకము. పడుచుపిల్లల కొరకు కలము పట్టినప్పుడు ఎంత పోయవలెనో ఎంత నిలుపవలెనో తెలిసియే ఆమె కొలిచినది.

బోస్టన్ నగరమున రాబర్ట్స్ బ్రదర్స్ అను ప్రకాశకసంస్థకు చెందిన థామస్ నైల్స్ ఆమెను బాలికల కొరకొక కథ వ్రాయుమని కోరెను. ఆమెకది అంతగా రుచింపలేదు. తన అక్కచెల్లెండ్రను తప్ప బాలికలను తానెక్కువగా ఎరుగనని ఆమె అనుకొనెను. అందుచేత తన అక్కచెల్లెండ్రనే కథలోనికి తెచ్చెను. 1868 మే నెలలో ప్రారంభించి జూలైకి ముగించెను. మొదటి ప్రకరణములు చదివిన నైల్స్‌కు అవి చప్పగా తోచినవి; ఆమెకును అట్లే తోచినవి. కాని వ్రాతప్రతిని చదివిన బాలికలు మాత్రము మెచ్చిరి. ఆ సెప్టెంబరు మాసాంతమున పుస్తకము వెలువడెను. మొదట అచ్చువేసిన 2,000 ప్రతులు త్వరలోనే చెల్లిపోయినవి.

ఆ మొదటి భాగమున ప్రణయమునకు ఎంత చోటున్నదో చూడుడు. కథారంభమున మెగ్‌కు 16 ఏండ్లు, జోకు 15, బెత్‌కు 13, ఏమీకి 12. తండ్రి యుద్ధరంగమున సేనకు పురోహితుడుగా నున్నాడు. ఇంట తల్లియు నలుగురు బిడ్డలును పేదరికముతో పోరాడుచున్నారు. ప్రక్క యింట లారీ అను సంపన్న బాలకుడు తాతతో నివసించుచున్నాడు. ఈ భాగమున 23 ప్రకరణములు కలవు. వానిలో ముఖ్యముగా నాలుగైదింట మాత్రమే ప్రణయము తల చూపును. లారీకి చదువు చెప్పు జాన్ బ్రూక్ అను యువకుడు మెగ్ పోగొట్టుకొన్న చేతితొడుగును రహస్యముగా తన జేబులో దాచుకొన్నాడను వార్తతో అది ఆరంభమగుచున్నది. ఆ వార్త విన్న జో సంతోషింపదు. తమ నలుగురి గూడు చెదరునని దుఃఖించును. ఇచ్చట రచయిత్రి నేర్పు చూడదగినది. ఇద్దరి వలపును గూర్చిన చిన్న సంగతి మూడవ వ్యక్తి మనస్సులోని భయమును మన కెరుకపరచినది. దీనిని దేహళీదీపన్యాయమందురు. గడపమీద పెట్టిన దీపము లోపలికిని వెలుపలికిని వెలుగు నిచ్చును.

తండ్రికి జబ్బు చేసినదని తంతి వచ్చిన దినమున బ్రూక్ కనబడును. కాని ప్రేమికుడుగా కాదు, తల్లికి ప్రయాణమున తోడుపోవు మనుష్యుడుగా. ఆ దినమున ప్రధానకార్యము జో తన జుట్టు కత్తిరించి 25 డాలర్లకు అమ్మి తల్లి చేత పెట్టుట. ఆ సమయమున చేతితొడుగు మాట యెత్తినచో అది భానుమతీ ప్రసంగమే అయియుండును. ఆల్కాట్ ఎత్తలేదు. తండ్రి యిల్లు చేరిన తరువాత, చివరి ప్రకరణమున మాత్రమే ఆ వలపు పండినది. అందును ధనవంతురాలగు వృద్ధబంధువు వచ్చి, ఈ పేదవానిని చేసికొన్నచో నీకు చిల్లిగవ్వ ఈయనని బెదరించినప్పుడు, అంతవరకు ఊగిసలాడుచుండిన మెగ్ అతని పక్షమున నిలిచి మాటాడును. ధనము మీద మోజు మెగ్ లోపమని రచయిత్రి మొదటినుండి చెప్పుచు వచ్చినది. ఆ లోపమును గెలుచుటకు ఆమె ప్రణయము సాధనమైనది. పతాక యనగా ఇట్లుండవలెను.

పుస్తకము రెండు భాగములుగా వచ్చుట చేత పాఠకులకు నడుమ కొన్ని నెలల వ్యవధి చిక్కెను. ఆ వ్యవధిలో రచయిత్రికి జాబులు రాజొచ్చినవి. ఆ జాబులలోని ప్రశ్న ఒక్కటే: ఎవరు ఎవరిని పెండ్లాడుదురు? మరి ముఖ్యముగా, జోకు లారీతో పెండ్లి ఎప్పుడు? 1868 నవంబరు 1వ తేదీన రెండవ భాగము ప్రారంభించిన ఆల్కాట్ తన దినచర్యలో ఈ జాబులను గూర్చి విసుగుతో వ్రాసికొనెను. స్త్రీ జీవితమునకు పెండ్లి యొక్కటే పరమార్థమైనట్లు ఈ పిల్లలు అడుగుచున్నారనియు, ఎవరి సంతోషము కొరకును జోను లారీకి ఈయననియు దాని భావము. రోజుకొక ప్రకరణము చొప్పున వ్రాయబూని, 1869 జనవరి 1వ తేదీకి ఆ భాగమును ముగించెను. అది ఏప్రిల్‌లో వెలువడెను. ఇంగ్లండున ఆ భాగమునకు 'గుడ్ వైవ్స్' అని పేరు పెట్టిరి. ఆ పేరే పాఠకుల కోరిక ఎటువైపు లాగుచుండెనో చాటుచున్నది.

1869 మార్చిలో ఒక మిత్రురాలికి వ్రాసిన లేఖలో ఆమె తన మనస్సును ఇంకను స్పష్టముగా తెలిపెను. జో పెండ్లి చేసికొనక రచయిత్రిగానే నిలిచిపోవలసినదట. కాని లారీనో మరియొకరినో పెండ్లాడవలసినదేయని అనేక బాలికలు గగ్గోలు పెట్టుటచే, పూర్తిగా కాదనుటకు ధైర్యము చాలక, మొండితనముతో ఒక వింత సంబంధము కుదిర్చినదట. ఆ వింత సంబంధమే జర్మనుదేశీయుడగు ఆచార్య భేర్. నలువది యేండ్లవాడు, చెదరిన జుట్టువాడు, పేద యుపాధ్యాయుడు.

ఈ లేఖను బట్టి కొందరు విమర్శకులు జో వివాహము అజాగళస్తనమువలె నిరర్థకముగా వ్రేలాడుచున్నదని అందురు. మేక మెడక్రింది చన్నులనుండి పాలు రావు గదా! రచయిత్రి మనస్సున లేని పెండ్లిని కథలో జరిపించుట లోపమే యని వారి వాదము. ఈ వాదమును త్రోసివేయలేము. కాని గ్రంథమును గ్రంథముగా చదివినచో నాకు వేరొక విధముగా తోచుచున్నది.

రెండవ భాగపు అల్లికను పరికింపుడు. జోకును లారీకిని ఎందుకు పొసగదో తల్లి ముందే చెప్పును. ఇద్దరును ఒకే పోలిక. ఇద్దరికిని కోపము, పట్టుదల, స్వేచ్ఛపై మక్కువ మెండు. స్నేహమునకు చాలునది కాపురమునకు చాలదని ఆమె అభిప్రాయము. జో న్యూయార్కు నగరమునకు పోయి పిల్లలకు చదువు చెప్పుచు, పత్రికలకు కథలు వ్రాయుచు, భేర్‌తో పరిచయము కలిగించుకొనుట 33, 34 ప్రకరణములు. లారీ తన ప్రేమను వెల్లడించి భంగపడుట 35వ ప్రకరణము. ఈ వరుస మిక్కిలి ముఖ్యము. భేర్ లారీకి బదులుగా తెచ్చిపెట్టబడినవాడు కాడు, ముందే వచ్చియున్నాడు. అంతకంటె ముఖ్యమైనది ఆతడు వచ్చిన కారణము. జో డబ్బు కొరకు వ్రాయుచుండిన ఉద్రేకకథలవంటి వానిని ఆతడు నిరసించును. ఆమె సిగ్గుపడి వానిని కాల్చివేయును. ఎ. ఎమ్. బార్నార్డ్ కథ మనకు తెలిసినపుడు ఈ ఘట్టము రచయిత్రి తన్ను తానే విచారించుకొన్నట్లు కనబడును.

తరువాత 40వ ప్రకరణమున బెత్ మరణించును. ఆ మరణమునకు ముందు వెనుకల జో వలపునకు తావే లేదు. శోకము తన కాలమును తాను పొందినది. తరువాతనే 46వ ప్రకరణమున, వాన కురియుచుండగా ఒకే గొడుగు క్రింద, జో భేర్‌ల హృదయములు విచ్చుకొన్నవి. ఆతడు తిరిగి వచ్చుటకు కారణమేమనగా, జో వ్రాసిన పద్య మొకటి పత్రికలో ఆతని కంట బడుట. శ్రోతలారా! ఇదియే నేను ఎత్తి చూపదలచిన విషయము. ఆమె వ్రాతయే ఆతనిని ఆమె యొద్దకు రప్పించినది. ఆధికారికమగు రచయిత్రీవృత్తాంతమునుండియే ప్రాసంగికమగు ప్రణయము పుట్టినది. జోకు పెండ్లి కావలెనా వద్దా అను విషయమున రచయిత్రి పాఠకులకు లొంగెను. ఎట్టి పెండ్లి, ఎప్పుడు, దేనివలన అను విషయమున లొంగలేదు. ఒకటి యిచ్చి మూడు నిలుపుకొన్నది.

తక్కిన అక్కచెల్లెండ్ర కథలును ఈ కొలతకే లోబడినవి. లారీ భంగపాటు పొంది ఐరోపాఖండమున సోమరిగా తిరుగుచుండగా, ఏమీ ఆతనిని చూచి జాలిపడదు. నీ సోమరితనము సిగ్గుచేటని మొగముమీదనే చెప్పును. ఆ మందలింపునుండి వారి ప్రణయము మొలకెత్తినది. మెగ్ విషయమున పెండ్లితో కథ ముగియలేదు. పాకము ముదరక చెడిన పండ్లమురబ్బా వలన దంపతులకు పుట్టిన కలహము, భర్త ఆదాయము చాలక యుండగా ఆమె 50 డాలర్ల పట్టుబట్ట కొనుట, దానివలన ఆతడు తన చలికోటు మానుకొనుట, ఇవన్నియు చెప్పబడినవి. పెండ్లిపీటలతో తెర దించు కథలు చదువు బాలికకు ఈ పుటలు ఎంత మేలు చేయునో ఊహింపుడు. వలపు కలిగినంతనే బ్రతుకు చక్కబడునను భ్రమ ఆ చెడిన మురబ్బా కుండలోనే కరగిపోవును.

నేను ముప్పది యేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పినవాడను. పాఠ్యభాగములలో శృంగారపద్యము వచ్చినచో పంతులు దానిని దాటించి తరువాతి పద్యమునకు పోవుట మా కాలమున వాడుక. దాటించిన పద్యమే పిల్లలకు కంఠస్థమై యుండుటయు వాడుకయే! దాచిన కొలదిని దానికి లేని విలువ వచ్చునని అప్పుడే గ్రహించితిని. తరువాత తరువాత ఆ పద్యమును దాటింపక, ఇది కథకు ఎందులకు వచ్చినది, ఇది లేకున్న కథకేమి కొరత అని అడుగుట అలవాటు చేసికొంటిని. పిల్లలు ముసిముసి నవ్వులు మాని ఆలోచించుటకు మొదలిడిరి.

ఒకనాడు సాయంకాలపు తరగతిలో ఈ నలుగురు అక్కచెల్లెండ్ర కథను చెప్పితిని. లారీని కాదన్నందుకు సగముమంది బాలికలు జో మీద కోపగించిరి. అంత నొక బాలిక లేచి, "మాస్టారూ, జో పెండ్లి చేసికొనకపోయినచో కథ ముగిసినట్లు కాదా అండీ?" అని అడిగెను. ఆ ప్రశ్న విని నవ్వినవారు ఎవరును లేరు. ఆ తరగతిలో ఇద్దరు ముగ్గురు బాలికల ఇండ్లలో అప్పుడే సంబంధములు చూచుచుండిరి. చదువు మానిపించుదురేమో యను బెంగ వారి మొగములలో కనబడుచుండెను. పెండ్లి మాట రాగానే చదువు నిలిచిపోయిన తెలివిగల పిల్లలను నేను పెక్కుమందిని చూచితిని. కథలో ఉపకథకు ఎంత చోటను ప్రశ్న పండితుల గోష్ఠికి మాత్రమే చెందినదని అందాక అనుకొనువారు ఆ తరగతిలో నుండవలసినది. కథ దేనితో ముగియునో దానినే పిల్లలు బ్రతుకునకు ఫలమని నమ్ముదురు. "కథ ముగియుటకు పెండ్లి అక్కరలేదమ్మా, ఆమె మొదటినుండి దేనికై పాటుపడినదో అది తేలవలెను. జో దేనికై పాటుపడినదో నీవే చెప్పుము" అంటిని. "పుస్తకము వ్రాయుటకండీ" అని ఆమె కూర్చుండెను. 1886లో వెలువడిన 'జోస్ బాయ్స్' అను గ్రంథమున జో పేరుగన్న రచయిత్రిగానే కనబడునని తరువాత వారికి తెలిపితిని.

ఆల్కాట్ తరువాతి చరిత్రమును క్లుప్తముగా చెప్పెదను. కెనడాదేశపు రచయిత్రి ఎల్. ఎమ్. మాంట్‌గోమరీ 1908లో 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' ప్రకటించెను. అందు ఆన్ అను బాలికకును గిల్బర్ట్‌కును బడిలో పుట్టిన వైరము గ్రంథాంతమున స్నేహముగా మారుటతో సరి. వారి ప్రణయము పండుటకు 1915లో వచ్చిన 'ఆన్ ఆఫ్ ది ఐలండ్' వరకు పాఠకులు వేచియుండవలసి వచ్చెను. తొందరపడని రచన కొరకు పాఠకులును తొందరపడకుందురని దీనివలన తెలియుచున్నది. అమెరికా గ్రంథాలయసంఘము యువజనుల సేవ కొరకు 1957లో ప్రత్యేకశాఖ నేర్పరచెను. 'యంగ్ అడల్ట్' అను మాట క్రమముగా ఒక సాహిత్యశాఖకు పేరయ్యెను. 1967లో ఎస్. ఇ. హింటన్ అను యువతి వ్రాసిన 'ది అవుట్‌సైడర్స్' అను నవలలో ప్రణయము దాదాపు లేదు. స్నేహము, సోదరప్రేమ, పేదధనికవర్గముల పోరు మాత్రమే కలవు. ఆ పుస్తకము నేటికిని పాఠశాలలలో చదువబడుచున్నది. వలపు లేనిదే యువజనులు చదువరను మాటకు ఇది చాలిన సమాధానము.

2005లో స్టెఫనీ మేయర్ వ్రాసిన 'ట్వైలైట్' వెలువడినపుడు యువజన సాహిత్యమంతయు ప్రణయమయమైనదని కొందరు విచారించిరి. ఆ గ్రంథమున ప్రణయమే ఆధికారికము. అంగియే ప్రణయమైనచో అంగాతివిస్తరమను దోషము దానికి పట్టదు. దాని గుణదోషములను వేరు త్రాసున తూచవలెను. చిక్కు వచ్చునది వేరొక ప్రధానకథను చెప్పెదనని చెప్పి, నడుమ దానిని మరచి, ఇద్దరు నాయకులలో ఎవరిని వరించునా యను సంశయముతోనే పుటలు నింపు గ్రంథములయందు.

2008లో సుజన్ కాలిన్స్ రచించిన 'ది హంగర్ గేమ్స్' ఈ విషయమున మిక్కిలి చమత్కారము గలది. చెల్లెలిని కాపాడుటకై చావుపోటీలో దిగిన కాట్నిస్ అను బాలిక, ఆ పోటీని చూచు జనులకు ప్రణయకథ మీద మోజు కలదని గ్రహించి, తోటి బాలకుడగు పీటాను ప్రేమించినట్లు నటించును. జనులు మెచ్చినకొలది ఆమెకు ఆహారము, మందులు అందును. ఎంతవరకు నటనయో ఎంతవరకు నిజమో ఆమెకే తెలియని స్థితి కలుగును. 1868లో ఆల్కాట్‌కు జాబులు వ్రాసిన పాఠకురాండ్రు సరిగా 140 ఏండ్ల తరువాత కథలోపలనే ప్రేక్షకులై కూర్చుండిరి! ఇచ్చట ప్రణయమును తీసివేసినచో ప్రధానకథయే కూలిపోవును. అంగము అంగికి ప్రాణాధారమైనది. 2019లో గ్రెటా గెర్విగ్ తీసిన 'లిటిల్ వుమెన్' చలనచిత్రమున గ్రంథప్రకాశకుడు నాయికకు పెండ్లి చేయవలసినదేయని పట్టుబట్టుటయు, జో ఆ పెండ్లికి బదులుగా తన గ్రంథస్వామ్యమును నిలుపుకొనుటయు చూపబడినవి. ఆల్కాట్ నిజముగానే నైల్స్ హితోక్తి వలన ఆ గ్రంథస్వామ్యమును అమ్ముకొనక తనయందే యుంచుకొనెను. ఆ పుస్తకపు రాబడితో తండ్రి అప్పులు తీర్చెను. ఆమె మాత్రము వివాహము చేసికొనలేదు. 1888 మార్చి 6వ తేదీన మరణించెను.

ఇక యువజనుల కొరకు కథలు వ్రాయబూను మన యువరచయితలకు నా మనవి. ప్రణయఘట్టమును వ్రాసిన పిమ్మట మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ ఘట్టమునకు ముందును వెనుకను నాయికా నాయకులకు ఏ కష్టము మీదనున్నది? ఆ కష్టము నడినెత్తి నుండగా వలపుమాటలకు పూనినచో అది దుర్యోధనుని యంతఃపురమగును. ఈ వలపు నాయిక స్వభావమునందలి ఏ గుణమునో దోషమునో బయలుపరచుచున్నదా? బయలుపరచనిచో అది మేకమెడ చన్ను. ఈ ప్రణయము ఫలించినను ఫలింపకున్నను ఆమె మొదట పూనిన కార్యము కడముట్టినదా? ముట్టనిచో కథ ఇంకను ముగియలేదు, పెండ్లిభోజనము ఎంత ఘనముగా వడ్డించినను సరే.

తలిదండ్రులకును ఒక మాట. మీ బిడ్డ చదువుచున్న పుస్తకములో వలపు కనబడినంతనే దానిని లాగికొనకుడు. అందులోని బాలిక ఏమి కావలెనని కోరుకొన్నది, అది ఆమెకు దక్కినదా అని అడుగుడు. జవాబు చెప్పుటకు మీ బిడ్డ ఆ కథను మరల తలపోయును. అట్లు తలపోయునప్పుడు తానేమి కావలెనను ప్రశ్నయు దానికి తోచకపోదు. ఆ ప్రశ్నకు అది చెప్పు సమాధానమును ఓపికతో వినుడు.

సెలవు.